ఎండవేడిమి – సంతానము – శరణధర్మము

గృహస్థునకు సంతానము కోరదగినది. దీనిని కాదనువారు లేరు. కోరినది కలిగినప్పుడు పొంగిపోవుట సహజము. కోరినది కలుగనప్పుడు "దోషమెవ్వరిది?" అని ప్రశ్నించుట కూడ లోకమునకు సహజమైనది. ఆ ప్రశ్నకు మన పల్లెలు తరతరములుగా ఒక్కటే జవాబు చెప్పుచున్నవి. కోడలిది. పరీక్ష లేదు, విచారణ లేదు, వాది ప్రతివాదులు లేరు, తీర్పు మాత్రము ఉన్నది.

ఈ తీర్పును మరల విచారింపవలసిన అగత్యము ఇప్పుడు క్రొత్తగా కలిగినది. భూమి వేడెక్కుచున్నది. పారిశ్రామిక యుగమునకు ముందున్న స్థితితో పోల్చినచో 2024వ సంవత్సరమున ప్రపంచపు సగటు వేడిమి ఒకటిన్నర డిగ్రీల సెంటిగ్రేడును దాటినదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఒక సంవత్సరమంతయు సగటున ఆ మేరను దాటుట అదే మొదటిసారి. ఈ వేడిమి పంటను సోకును, పశువును సోకును అని మనకు తెలియును. మానవుని సంతానశక్తిని సోకునా? సోకినచో ఆ భారము ఎవ్వరిపై పడును? అప్పుడు బసవేశ్వరుని మార్గమున నడుచుచున్నామని చెప్పుకొను మన కర్తవ్యమేమి? ఈ మూడు ప్రశ్నలను చదువరులతో కలిసి ఆలోచింపవలెనని ఈ చిన్న వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట మన కన్నులయెదుట ఉన్నవానితో ఆరంభింతము. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురము, మడకశిర, పెనుకొండ ప్రాంతములు సముద్రమట్టమునకు సుమారు రెండువేల అడుగుల ఎత్తున ఉన్న మెట్టనేల. అనంతపుర సీమకు ఏడాదికి పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి రైతునకు ఎండతో బేరమాడుట వంశపారంపర్యపు విద్య. అతని ప్రధాన పంట వేరుశనగ. పూత పూయు దినములలో ఎండ మితిమీరినచో పుప్పొడి శక్తి తగ్గును. పూత విరగబూసినను ఊడలు దిగవు, దిగినవానిలో గింజ పట్టదు. అప్పుడు రైతు "ఎండకు పూత మాడినది" అనునే గాని చెట్టును తిట్టడు.

పాడిపశువు సంగతియు అంతే. ఎండకాలమున గేదెలు సరిగా ఎదకు రావు. వచ్చినను ఆ లక్షణములు పైకి కనపడవు. పశువైద్యులు దీనిని మూగ ఎద అందురు. సంకరజాతి ఆవులకు చూలు నిలుచుట కూడ వేసవిలో తగ్గును. రైతు ఏమి చేయును? కొట్టముపై బోదకప్పు వేయును, గేదెను మధ్యాహ్నము మడుగునకు తోలును, ఒంటిపై నీరు చల్లును. చల్లబడిన పిమ్మట చూలు కట్టునని ఓపికపట్టును.

పట్టుపురుగు సంగతి ఇంకను ఆలోచింపదగినది. హిందూపురపు పట్టుగూళ్ళ సంత పేరు ఎరుగనివారు ఈ ప్రాంతమున లేరు. పట్టను చెంత కిరికెరలో పట్టుపరిశ్రమకు రాష్ట్ర పరిశోధనా సంస్థ ఉన్నది. పురుగు పెరిగి పెద్దదైన పిమ్మట దానికి 24 మొదలు 26 డిగ్రీల వేడిమి అనుకూలమని అక్కడి శాస్త్రజ్ఞులేగాక ఇంటిలో పురుగులు మేపు అక్కచెల్లెండ్రును చెప్పగలరు. విత్తనము కొరకు పెంచు పురుగులయెడల మరియొక జాగ్రత్త కావలెను. గూడు కట్టుచున్నప్పుడును, గూటిలో నిద్రించుచున్నప్పుడును వేడిమి 30 డిగ్రీలు మించి కొనసాగినచో, అందుండి వెలువడు మగ రెక్కలపురుగులు వంధ్యములగును. ముఖ్యముగా అధిక దిగుబడినిచ్చు ద్వివార్షిక జాతులలో ఈ దోషము హెచ్చు. పైకి చూచుటకు అవి ఆరోగ్యముగానే ఉండును, జతకూడును. ఆడుపురుగు గ్రుడ్లును పెట్టును. కాని ఆ గ్రుడ్లు ఫలింపవు. ఇక్కడ ఒక మాట గమనింపవలెను. గ్రుడ్లు పెట్టినది ఆడుది, అవి ఫలింపకుండుటకు కారణము మగదానికి తగిలిన వేడిమి. అందుచేతనే విత్తనగూళ్ళ రైతు షెడ్డు చుట్టును తడిగోనెలు వ్రేలాడగట్టును, కప్పుపై కొబ్బరి మట్టలు పరచును, వేడిమాపకమును దినమునకు నాలుగుసార్లు చూచును. పట్టుకొరకు ప్రాణి చంపబడుటను గూర్చి దయామూలమైన ధర్మమును నమ్మువారికి వేరొక విచారము ఉండవచ్చును. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. ఇక్కడ మనము గ్రహింపవలసినది ఒక్కటే. చెట్టు విషయమున, గేదె విషయమున, పురుగు విషయమున మన రైతు నిందింపడు. కారణమును వెదకును, నీడను కల్పించును.

మనుష్యుని విషయమున శాస్త్రమేమి చెప్పుచున్నది? పురుషుని వృషణములు శరీరమునకు వెలుపల నుండుట వ్యర్థమైన ఏర్పాటు కాదు. శరీరములోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. శుక్రకణములు చక్కగా తయారగుటకు అంతకంటె రెండు మొదలు నాలుగు డిగ్రీల చల్లదనము కావలెను. తీవ్రమైన జ్వరము వచ్చి తగ్గిన పిమ్మట కొన్ని వారములపాటు శుక్రకణముల సంఖ్యయు చురుకుదనమును తగ్గుట వైద్యులకు చిరకాలముగా తెలిసిన సంగతి. కొలిమియెదుట, బట్టీయెదుట పనిచేయువారికిని, వేడియెక్కిన ఆసనముపై గంటల తరబడి కూర్చుండి వాహనములు నడుపువారికిని ఇట్టి హాని కలుగవచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి. ఒక శుక్రకణము మొదలుకొని పక్వమగువరకు సుమారు రెండున్నర నెలలు పట్టును. కనుక చైత్రవైశాఖములలో తగిలిన ఎండ ఫలితము ఆషాఢశ్రావణములలో కనబడవచ్చును. అప్పటికి ఎండ తగ్గియుండును, కారణము మరువబడియుండును, నింద మాత్రము మిగిలియుండును.

స్త్రీ విషయమున హాని మరియొక విధముగా వచ్చును. గర్భము నిలిచిన పిమ్మట మిక్కుటమైన వేడిమికి గురియైనచో నెలలు నిండని కాన్పులు, మృతశిశువుల జననము హెచ్చునని పలు దేశముల పరిశోధనలను క్రోడీకరించి 2020లో ప్రకటించిరి. మనకు దగ్గరిది చెన్నపట్టణమునందలి శ్రీ రామచంద్ర వైద్యసంస్థవారి పరిశోధన. వారు 2017 నుండి తమిళనాడున 800 మంది గర్భవతులను పరిశీలించి, ఎండలోను వేడి ప్రదేశములలోను పనిచేయువారికి గర్భనష్టము కలుగు ప్రమాదము మిగిలినవారికంటె రెట్టింపుగా ఉన్నదని 2024లో వెల్లడించిరి. ఇటుకబట్టీలలో, ఉప్పుమడులలో, పొలములలో కూలిచేయు స్త్రీల కష్టమది. మన మెట్టచేల కూలిపనియు అంతకు భిన్నమైనది కాదు.

మన పెద్దలు ఈ సంగతిని బొత్తిగా ఎరుగనివారు కారు. ఆషాఢమాసమున క్రొత్త పెండ్లికూతురిని పుట్టినింటికి పంపు ఆచారమునకు చెప్పు కారణములలో ఇదియు ఒకటి. ఆషాఢమున గర్భము ధరించినచో కాన్పు ఎండలు ముదురు దినములలో వచ్చును, తల్లికిని బిడ్డకును అది కష్టము అని. ఆ రోజులలో వేసవి యొక్కటియే ఎండకాలము. ఇప్పుడు ఎండ తన ఎల్లలను దాటుచున్నది. 1901 నుండి 2018 వరకు భారతదేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించిన నివేదికలో ఉన్నది. ఒక్క మాసము పుట్టినింట నుంచినంతమాత్రమున తీరు కష్టము కాదిది.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహము కలుగవచ్చును. "ఎండయే సంతానమును తగ్గించునదైనచో, ఎడారి అంచున ఉన్న నైజరు దేశమున ఒక్కొక్క తల్లికి సగటున సుమారు ఆరుగురు బిడ్డలేల? చల్లని ఐరోపాలో ఇద్దరికంటె తక్కువయేల?" అని. ఈ సందేహము న్యాయమైనది. దీనికి సమాధానము తెలియవలెనన్నచో రెండు విషయములను వేరుచేసి చూడవలెను. బిడ్డలను కనగల శక్తి ఒకటి, కన్న బిడ్డల సంఖ్య మరియొకటి. రెండవదానిని నిర్ణయించునవి పెండ్లినాటి వయస్సు, స్త్రీల చదువు, ఇంటి ఆదాయము, శిశుమరణములు, కుటుంబ నియంత్రణ సాధనములు. ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7గా తేలినది. జనసంఖ్య తగ్గక నిలుచుటకు 2.1 కావలెను. ఈ తగ్గుదల ప్రధానముగా ఎండవలన వచ్చినది కాదు. దంపతులు తామై తీసికొన్న నిర్ణయమువలన వచ్చినది. పల్లెబడిలో ఒకటవ తరగతి హాజరుపట్టీ చిక్కిపోవుటకును వలసలు, పట్టణపు బడులు, చిన్న కుటుంబములు కారణములుగాని ఎండ కాదు. ఒక కారణముండవలసినచోట మరియొక కారణమును నిలుపుట సత్యమునకు అపచారము.

అట్లే శుక్రకణముల సంఖ్య లోకమంతట తగ్గుచున్నదను వార్తను గూర్చియు జాగ్రత్తగా మాటాడవలెను. 1973 నుండి 2018 వరకు జరిగిన పరిశోధనలను కూడగట్టి, ఈ సంఖ్య సగమునకు మించి తగ్గినదని హగాయి లెవీన్ మొదలగువారు 2022లో ప్రకటించిరి. దీనిని ప్రశ్నించిన శాస్త్రజ్ఞులును ఉన్నారు. ఒప్పుకొన్నవారు సైతము రసాయనములను, పొగాకును, స్థూలకాయమును, ఆహారపు మార్పులను కారణములుగా ఊహించుచున్నారే గాని ఎండనొక్కదానిని ముద్దాయిగా నిలుపుట లేదు.

మరి ఎండ చేయు పని ఎంత? సంఖ్యలద్వారా దీనిని చూపిన పరిశోధన అమెరికాలో జరిగినది. 1931 నుండి 2010 వరకు, ఎనుబదియేండ్ల జననముల లెక్కలను, దినదినపు వేడిమి లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి అలన్ బరేకా, ఒలివియే డెషెన్, మెలనీ గుల్డీ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వారి ఫలితములు 2018లో వెలువడినవి. పగలు రేయి కలిపి సగటు వేడిమి 80 డిగ్రీల ఫారన్‌హీటును, అనగా మన లెక్కలో సుమారు 27 డిగ్రీలను మించిన దినములు వచ్చిన పిమ్మట ఎనిమిది మొదలు పది నెలలకు జననములు తగ్గినవి. ఆ తరువాతి నెలలలో కొంత పుంజుకొన్నవి, కాని తగ్గినదంతయు పూడలేదు. వారు తెలిపిన మరియొక సంగతి మన విచారణకు మిక్కిలి ముఖ్యమైనది. ఇండ్లను చల్లబరచు యంత్రములు వ్యాపించినకొలది ఈ తగ్గుదల మందగించినది.

దీని అర్థమేమి? సూర్యుడు అందరికి ఒక్కడే, ఎండ మాత్రము అందరికి ఒక్కటి కాదు. చల్లని గదిలో పనిచేయువానికి వేసవి ఒక వార్త. రేకుల ఇంటిలో మగ్గమునందు కూర్చుండు ధర్మవరపు నేతగానికి, కంకర కొట్టు కూలికి, నలుబదినాలుగవ నంబరు జాతీయ రహదారిపై కొడికొండ మీదుగా పగలంతయు లారీ నడుపువానికి, మండుటెండలో కలుపు తీయు గర్భవతికి అది ఒంటిపై పడు భారము. భూమిని వేడెక్కించుటలో వీరి పాలు స్వల్పము. భారతదేశమున తలకు ఏడాదికి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండగా అమెరికాలో అది సుమారు 14 టన్నులు. మన దేశములోనే ఎండలో కూలిచేయువాని పాలెంత, మేడలో చల్లని గాలిని అనుభవించువాని పాలెంత అని ఎవరికి వారు లెక్క వేసికొనవచ్చును. సుఖము ఒకరిది, దాని వేడి మరియొకరిది. ఆ వేడివలన ఒక యింట ఊయల కట్టుట ఆలస్యమైనచో నింద ఆ యింటి కోడలిది!

ఈ సీమ చరిత్రలో ఇట్టిది మునుపును జరిగినది. 1876–78 నడుమ వచ్చిన ధాత, ఈశ్వర సంవత్సరముల మహాక్షామమున ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలో ఉండెడిది. అనంతపురము వేరు జిల్లాయైనది 1882లో. ఆ కరువున లెక్కకు మించిన జనము మరణించుటయేగాక, పుట్టుకలును బాగుగా తగ్గెను. ఆకలిచేత శరీరములు శుష్కించుట, కూలికై భర్త ఒకచోటికి భార్య ఒకచోటికి పోవుట అందులకు కారణములు. కరువు తీరినపిమ్మట పుట్టుకలు మరల హెచ్చెను. అనగా ఆ రెండేండ్లు తొట్టెలలు ఖాళీగా ఉండినది స్త్రీల దోషముచేత కాదు, వానలు లేమిచేతను, పాలకుల నిర్దయచేతను. నేడును కరువు వచ్చినప్పుడు ఈ సీమనుండి బెంగుళూరునకు వలసపోవు యువకులెందరో. నెలకొకసారి ఇంటికి వచ్చు భర్తయు, ఒంటరిగా మడిని, ముసలివారిని చూచుకొను భార్యయు ఎదుర్కొను సంతానలేమిని ఏ వైద్యుడు ఏ పేరుతో పిలువవలెను?

ఈ నిందలోని అసమానతను గూర్చి ఒక తెలుగు పంతులుగా మరియొక మాట చెప్పవలసియున్నది. మన భాషలో బిడ్డలు లేని స్త్రీకి "గొడ్రాలు" అను మాట ఉన్నది, సంస్కృతమునుండి తెచ్చుకొన్న "వంధ్య" ఉన్నది. బిడ్డలు లేని పురుషునకు పదుగురి నోట నానిన అట్టి మాట యేది? లేదు. నిఘంటువును తెరచినను నింద ఒకవైపునకే ఒరిగియున్నది. సంతానము కలుగని జంటలలో సుమారు సగముచోట్ల పురుషునియందు కొంతయైనను కారణము ఉండునని వైద్యశాస్త్రము చెప్పుచుండగా భాష మాత్రము ఆ సగమును దాచినది. వలదనుకొన్నప్పుడు సైతము ఇదే న్యాయము. 2019–21 సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతము మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. అదే సులభతరమైన చికిత్స చేయించుకొన్న పురుషులు నూటికి ఒక్కరైనను లేరు. కనవలసినను స్త్రీయే, మానవలసినను స్త్రీయే, కనకపోయినచో మాట పడవలసినదియు స్త్రీయే. 1994లో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ పదవులకు అనర్హులని చట్టము చేసిన రాష్ట్రమే 2024 నవంబరులో ఆ నిబంధనను తొలగించినది. ఎక్కువమందిని కనుడని పాలకులు హితవు చెప్పుచున్నారు. సంఖ్యలను గూర్చిన ఈ వాదములలో, కోరికయుండియు బిడ్డలు లేని యింటి దుఃఖము ఏ లెక్కకును ఎక్కదు.

ఇక మన ధర్మము ఏమి చెప్పుచున్నదో చూతము. పుత్రులు లేనివారికి సద్గతి లేదను నమ్మకము లోకమున ప్రబలముగా ఉన్నది. పిండప్రదానము చేయువాడు కావలెనను భయమునుండి అది పుట్టినది. వీరశైవునకు ఆ భయమునకు చోటేది? గురువు కరమునుండి ఇష్టలింగమును పొందినవాడు తన సాధనచేత లింగైక్యమును పొందును గాని కుమారుడు పెట్టు పిండముచేత కాదు. అక్కమహాదేవికి బిడ్డలు లేరు. అల్లమప్రభువునకు బిడ్డలు లేరు. అనుభవమంటపమున వారి ఆసనమునకు అందువలన లోటు రాలేదు. శరణులు జననసూతకమును, రజస్సూతకమును త్రోసిపుచ్చిరి. బిడ్డను కన్న శరీరము మైల కాదని చెప్పిన మార్గమున, బిడ్డను కనని శరీరము అశుభమెట్లగును? ఇంతయైనను మన ఇండ్లలో సీమంతమునకు, తొట్టెలలో బిడ్డను వేయు వేడుకకు సంతానము లేని ఆడుపడుచును పిలుచుటకు సంకోచించుచున్నారు. పిలిచినను పసుపుకుంకుమలు ఇచ్చు వరుసలో ఆమెను దాటిపోవుచున్నారు. మెడలో లింగమును ధరించి ఈ పని చేయుట ఆ లింగమును మరచుటయే.

"బసవపురాణమున మాదాంబ సంతానమునకై నందికేశ్వరుని నోచినది కదా?" అని యెవరైన అడుగవచ్చును. నిజమే. కోరుట తప్పు కాదు, వేడుకొనుట తప్పు కాదు. మన కదిరి ప్రాంతమున తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. సుమారు ఐదెకరముల నేలపై నీడ పరచిన ఆ మాను పేరు 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. సంతానము లేని దంపతులు దూరదూరమునుండి వచ్చి ఆ నీడలో మ్రొక్కుకొందురు. వారి విశ్వాసమును పరిహసించుట నా ఉద్దేశము కాదు. కాని మ్రొక్కుటకు ఇద్దరును కలిసి పోవుదురు. వైద్యునియొద్దకు మాత్రము భార్య యొక్కతెయే పోవును. ఇది ఏమి న్యాయము?

శరణుల మాటలలో రెండింటిని ఇక్కడ తలచుకొనవలెను. ఒకటి కాయకము, రెండవది ప్రసాదము. కాయకము మన చేతిలోనిది. దానిని చేయనివాడు నిందార్హుడు. ప్రసాదము మనకు లభించునది. లభించినప్పుడు కన్నులకద్దుకొందుము, లభింపనివానిని చూచి "నీవు దోషివి" అనము. సంతానము ప్రసాదము. దానిని కాయకమువలె లెక్కించి, కనలేదని ఒక స్త్రీని దండించుట ఈ రెండు మాటల అర్థమును తారుమారు చేయుట. లోకముయొక్క ముందుగతిని తలచి, మాకు బిడ్డలు వలదని నిశ్చయించుకొను యువతీయువకులు కూడ కొందరు బయలుదేరినారు. 2021లో పది దేశములలో పదివేలమంది యువజనులను ప్రశ్నింపగా, వాతావరణపు భయముచేత బిడ్డలను కనుటకు సంకోచించుచున్నామని పదింట నలుగురు చెప్పిరి. ఆ పది దేశములలో మనదియు ఒకటి. వారిని పాపులనుటకును మనకు అధికారము లేదు. వారి భయమునకు కారణమైన వేడిని తగ్గించుట మన పని.

ఆ పనియే కాయకము. పట్టుపురుగుల రైతు, ఈ షెడ్డులోని ఏ పురుగు వంధ్యమగునో ముందుగా ఎరుగడు. తెలిసిన పిమ్మట గోనె తడుపుదునని కూర్చుండడు. ముందే తడుపును. అట్లే ఫలానా యింట సంతానము లేకుండుటకు ఎండయే కారణమని ఏ వైద్యుడును ఖండితముగా చెప్పజాలడు. చెప్పజాలడు కనుకనే నిందించుటకు ఎవ్వరికిని అర్హత లేదు, నీడను కల్పించు బాధ్యత మాత్రము అందరికిని ఉన్నది.

మన మఠములు వేసవిలో చలివేంద్రములు పెట్టుచున్నవి. అది దాసోహమే. ఆ దాసోహము బాటసారితో ఆగక పనిచేయు చోటునకు పోవలెను. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున పనిస్థలమున త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండవలెనని వ్రాసిరి. వ్రాసినంతమాత్రమున పందిరి లేచునా? మన చేలలో కూలికి వచ్చువారికి చట్టము చెప్పకున్నను పందిరి వేయవలసినది మనమే. పొద్దెక్కకముందే పని ఆరంభించి, నడుమ ఎండ వేళ విరామమిచ్చి, కూలి కోయకుండ ఉండుట భూమిగల లింగాయత కుటుంబములకు అసాధ్యము కాదు. గర్భవతియైన కూలికి నీడపట్టున పని చూపుట అంతకంటె సులభము. మఠపు మాన్యములలో, శ్మశానపు గట్లపై, బడి ఆవరణలలో వేప, చింత, కానుగ, రావి నాటినచో, ఒక తరము గడచునప్పటికి ఊరే చల్లబడును. పెండ్లియాడి ఏడాది కాపురము చేసినను సంతానము కలుగనిచో దంపతులిద్దరును కలిసి వైద్యుని చూడవలెనని, పురుషుని పరీక్ష సులభమైనది కనుక దానిని వెనుకకు నెట్టరాదని, స్వాములు తమ ప్రవచనములలో ఒక్క మాట చెప్పినచో వంద ఇండ్లలో కన్నీరు ఆగును. గణాచారమనగా గణమునకు జరుగు అన్యాయమును చూచి ఊరకుండకుండుట గదా. ఆ ఆడుపడుచు గణములోనిది కాదా?

చివరిగా మితమును గూర్చి ఒక మాట. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ అంగీకరింపక, ఆ ఎక్కువను తిరిగి పోసి రమ్మని పంపినది. ఆ యింట లేమియేగాని లోభము లేదు. నేడు లోకమును వేడెక్కించుచున్నది ఆ ఎక్కువయే. అవసరమునకు మించి వెలిగించిన దీపము, తిరిగిన ప్రయాణము, పెండ్లిపందిళ్ళలో కాల్చిన వైభవము, ఇవన్నియు ఎక్కడికిని పోవు. ఎండయై మన పొరుగువాని ఒంటిపై దిగును. లక్కమ్మను కొనియాడు మనము ఆమె చేసిన పనిని మన ఇంట ఒక్కసారియైనను చేసితిమా అని ప్రశ్నించుకొనవలెను.

విత్తనగూళ్ళకు తడిగోనె కట్టిన చేతులు మనవే. గేదెకు నీడ చూపిన చేతులు మనవే. ఆ చేతులతోనే మన యింటి కోడలిని వ్రేలెత్తి చూపుట మానుదము. కూలికి పందిరి వేయుదము. ప్రసాదము లభించునా లభింపదా అనునది ఈశ్వరాయత్తము. నీడను కల్పించుట మన కాయకము.

శరణు శరణార్థి.